పనిముట్ల వైబ్రేషన్ ఒంటికి ఎంత తగులుతోందో కొలవడం ఎలా?

గ్రైండర్, బ్రేకర్, చిప్పింగ్ హ్యామర్, చెయిన్‌సా పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసేవాళ్ల వేళ్లు చలి తగిలితే చాలు, సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోతాయి. మొదట వేళ్ల కొసలు, తర్వాత కణుపులు దాటి పైదాకా. రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం, కింద పడ్డ చిన్న స్క్రూ ఏరడం కష్టమవుతాయి. ఇలా దెబ్బతిన్న నరాలు, రక్తనాళాలు చాలామందిలో మళ్లీ మామూలు స్థితికి రావు. అందుకే జబ్బు బయటపడ్డాక వైద్యం వెతకడం కంటే, రోజుకు ఎంత వైబ్రేషన్ చేతుల్లోకి వెళ్తోందో ముందే కొలిచి తగ్గించడం మేలు.

ఈ వ్యాసం పని జరిగే చోట ఆ కొలత తీయాల్సినవాళ్ల కోసం. మీరు సేఫ్టీ ఆఫీసరు కావచ్చు, సూపర్‌వైజరు కావచ్చు, వర్క్‌షాప్ నడుపుతూ ఉండొచ్చు. లెక్కలు పెద్ద కష్టమేమీ కాదు, కాలిక్యులేటర్‌లో వర్గమూలం గుర్తు నొక్కడం తెలిస్తే సరిపోతుంది. కష్టమంతా సెన్సరు ఎక్కడ బిగించాలి, ఏ పని మీద బిగించాలి, టైము ఎలా లెక్కకట్టాలి అన్న దగ్గరే ఉంది. కొలతలు తప్పేది కూడా ఎక్కువగా ఆ మూడు చోట్లే.

ఏం కొలుస్తున్నాం, ఎంత దాటితే ప్రమాదం

వైబ్రేషన్ ఒంట్లోకి రెండు దారుల్లో వస్తుంది. చేత్తో పట్టుకున్న పనిముట్టు నుంచి అరచేతి గుండా చేతుల్లోకి వచ్చేది ఒకటి. ట్రాక్టర్, ఫోర్క్‌లిఫ్ట్, డంపర్ లాంటి వాటి సీటు నుంచో, నిలబడ్డ నేల నుంచో ఒళ్లంతా పాకేది రెండోది. రెండింటికీ కొలిచే పద్ధతి వేరు, హద్దులూ వేరు. చేతుల సంగతి ఐఎస్ఓ 5349 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది, ఒళ్లంతటి సంగతి ఐఎస్ఓ 2631. నేను ఎక్కువగా చేతుల గురించే చెబుతాను, సీటు కొలత చివర్లో వస్తుంది.

కొలిచేది త్వరణాన్ని, అంటే పిడి ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు దాని వేగం ఎంత త్వరగా మారిపోతోందో ఆ తీవ్రతని. యూనిట్ మీటర్/సెకను². సెన్సరు ఇచ్చే ముడి అంకెను అలాగే వాడకూడదు. చేతికి అన్ని ఫ్రీక్వెన్సీలూ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో ఆ లెక్క, యూనిట్ హెర్ట్జ్) ఒకేలా హాని చేయవన్న అంచనాతో మీటరు లోపల ఒక వడపోత జరుగుతుంది. సుమారు 8 నుంచి 16 హెర్ట్జ్ మధ్య అదురుకు దాదాపు పూర్తి బరువు ఇస్తుంది. అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బరువు తగ్గిపోతూ వస్తుంది. 160 హెర్ట్జ్ దగ్గర వచ్చే అదురు లెక్కలోకి పదోవంతే వస్తుంది. అందుకే సన్నగా జుమ్మని మోగే పనిముట్టు కంటే మొద్దుగా దడదడలాడే పనిముట్టు పెద్ద అంకె చూపిస్తుంది.

మనకు కావాల్సిన చివరి అంకె ఎ(8). పనిముట్టు తీవ్రతను, దాన్ని పట్టుకున్న సమయాన్ని కలిపి 8 గంటల పనిరోజుకు సర్దిన విలువ ఇది. యూరోపియన్ యూనియన్ 2002/44 డైరెక్టివ్ ప్రకారం చేతులకు ఎ(8) 2.5 దాటితే యజమాని చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటనివ్వకూడదు. ఒళ్లంతటి వైబ్రేషన్‌కు ఆ రెండు గీతలు 0.5, 1.15. మీరున్న చోట చట్టం వేరే అంకెలు చెబితే అవి పాటించండి. ఏమీ చెప్పకపోతే పోల్చుకోవడానికి ఇవి పనికొస్తాయి.

2.5 కింద ఉంటే ఏ భయమూ లేదనుకోకండి. వేళ్లు తెల్లబడటం నూటికి పదిమందిలో కనిపించడానికి ఎన్నేళ్లు పడుతుందో ఐఎస్ఓ 5349 అనుబంధంలో ఒక అంచనా ఉంది. ఎ(8) 3.7 ఉంటే సుమారు 8 ఏళ్లు, 7 ఉంటే 4 ఏళ్లు, 14 ఉంటే 2 ఏళ్లు. 2.5 దగ్గర కూడా ఆ అంచనా 12 ఏళ్ల దరిదాపుల్లోకి వస్తుంది. పాతికేళ్లకు పైగా పని చేయాల్సిన మనిషికి 12 ఏళ్లు ఏపాటి?

మీటరు తెచ్చే ముందు

అన్ని చోట్లా కొలవాల్సిన పని లేదు. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా విభాగం వాడే మోటు లెక్క ఒకటి చాలా పనికొస్తుంది. దెబ్బ కొట్టే పనిముట్టు (బ్రేకర్, చిప్పింగ్ హ్యామర్, హ్యామర్ డ్రిల్) రోజుకు 15 నిమిషాలు మించి, తిరిగే పనిముట్టు (గ్రైండర్, శాండర్) గంట మించి వాడుతుంటే 2.5 గీత దాటినట్టే అనుకోవాలి. మొదటిది గంట, రెండోది 4 గంటలు దాటితే 5 గీత దాటే అవకాశం ఎక్కువ. మీ దగ్గర మనిషి బ్రేకర్‌తో రోజూ 3 గంటలు కొడుతుంటే దాన్ని రుజువు చేయడానికి మీటరు అక్కర్లేదు. ఆ డబ్బు, ఆ సమయం పని తగ్గించడం మీద పెట్టండి.

పనిముట్టుతో వచ్చిన పుస్తకంలో తయారీదారు ప్రకటించిన విలువ ఉంటుంది, పక్కనే అనిశ్చితి కింద కే అని మరో అంకె ఉంటుంది. రెండూ కలిపి చూడాలి. ఆ విలువ ప్రయోగశాలలో ఒక నిర్ణీత పద్ధతిలో తీసింది. రెండు మోడళ్లలో ఏది కొనాలో తేల్చుకోవడానికి బాగుంటుంది గానీ, అరిగిన డిస్కుతో వంకర వెల్డు మీద మీ మనిషి చేసే పనికి అది సరిపోకపోవచ్చు. పాత పనిముట్లకైతే ఒకే దిశలో కొలిచిన విలువ ఇచ్చేవారు. కరెంటువి, గాలితో నడిచేవి అయితే ఆ అంకెను 1.5 నుంచి 2 రెట్లు చేసి చూడటం వాడుక.

కొలత ఎప్పుడు కావాలంటే, అంచనా ఆ రెండు గీతలకు దగ్గరగా పడి ఎటూ తేలనప్పుడు. లేదా ఆ పనికి సరిపోయే అంకె ఎక్కడా దొరకనప్పుడు. కొత్త పనిముట్టు తెచ్చాక నిజంగా తగ్గిందో లేదో చూడాలన్నా కొలవాలి.

మొదటి పని: రోజంతా దగ్గర ఉండి చూడండి

మీటరు పెట్టె ఇంకా తెరవకండి. ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఏయే పనిముట్లు పడుతున్నాడు, ఒక్కో దానితో ఏయే పనులు చేస్తున్నాడు, ఎలా పట్టుకుంటున్నాడు? ఒకే గ్రైండర్‌తో వెల్డు చదును చేయడం వేరు, రేకు కోయడం వేరు. డిస్కు మారితే వైబ్రేషన్ మారుతుంది. వాటిని విడివిడిగా రాసుకోండి. ఇలా రాసిన ప్రతి పనికీ మీకు రెండు అంకెలు కావాలి, ఎంత తీవ్రత, ఎంత సేపు.

రెండు చేతులూ గమనించండి. ఇది ఊరికే చెప్పడం లేదు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే పనివాళ్లను డాక్టర్ అలిస్ హామిల్టన్ పరిశీలించారు. వాళ్లకు ఎక్కువగా తెల్లబడింది ఉలి పట్టుకున్న ఎడమ చేతి వేళ్లు. యంత్రం కుడి చేతిలో ఉన్నా దెబ్బ అందుకుంటున్నది ఉలి. ఇవాళ కూడా చిప్పింగ్ చేసేవాళ్లు ఒక చేత్తో ఉలిని నిలబెట్టడం, బెంచికి బిగించిన గ్రైండర్ దగ్గర ముక్కను రెండు చేతులతో ఒత్తి పట్టుకోవడం చూస్తూనే ఉంటాం. చెయ్యి ఎక్కడుంటే కొలత అక్కడ తీయాలి, పిడి ఎక్కడుందో అక్కడ కాదు.

టైము లెక్క

కొలతల్లో చాలా వాటిని పాడుచేసేది ఇదే. "రోజుకు ఎంతసేపు గ్రైండింగ్ చేస్తారు?" అని అడిగితే "పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా అదే కదండీ" అంటారు. అబద్ధం చెప్పడం కాదు, వాళ్ల దృష్టిలో పనంతా గ్రైండింగే. ముక్క మార్చడం, అమర్చడం, చూసుకోవడం, డిస్కు మార్చడం, నీళ్లు తాగడం అన్నీ అందులో కలిసిపోతాయి. మనకు కావాల్సింది చెయ్యి పనిముట్టు మీద ఉండి, అది అదురుతున్న సమయం మాత్రమే. ట్రిగ్గర్ నొక్కి ఉన్న సమయం అనుకోండి.

దాన్ని తెలుసుకోవడానికి నమ్మకమైన దారి ముక్కల లెక్క. టైరు నట్లు విప్పే ఇంపాక్ట్ రెంచ్ తీసుకోండి. చక్రానికి 5 నట్లు, విప్పడానికి ఒకసారి, బిగించడానికి ఒకసారి, ఒక్కో దానికి 4 సెకన్లు పడుతుందనుకుందాం. చక్రానికి 40 సెకన్లు. రోజుకు 30 చక్రాలు చేస్తే 1,200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. అడిగితే మాత్రం "రోజంతా" అనే జవాబే వస్తుంది. ఒక ముక్కకు పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో పదిసార్లు తీసి సగటు కట్టండి, రోజుకు ఎన్ని ముక్కలో ప్రొడక్షన్ రిజిస్టర్‌లో చూడండి. పనులు కలగాపులగంగా ఉంటే వీడియో తీసి తర్వాత కూర్చుని లెక్కకట్టొచ్చు. పనిముట్టుకు తగిలించే టైమర్లు కూడా దొరుకుతాయి. అవి ఎంతసేపు నడిచిందో చెబుతాయి, అంతకు మించి వాటిని నమ్మకండి.

టైము తప్పితే ఎ(8) ఎంత తప్పుతుంది? సమయం వర్గమూలంగా లెక్కలోకి వస్తుంది కాబట్టి రెట్టింపు రాస్తే ఫలితం 41 శాతం పెరుగుతుంది. గంట పనిని నాలుగు గంటలని రాస్తే సరిగ్గా రెట్టింపవుతుంది. మీటరు రీడింగులో 25 శాతం తేడా వస్తే ఫలితంలోనూ 25 శాతమే. అంటే తప్పు శాతాల్లో చూస్తే రీడింగే సున్నితం. కానీ రీడింగు నాలుగు రెట్లు తప్పడం అరుదు, టైము నాలుగు రెట్లు తప్పడం మామూలు.

ఇక్కడే ఇంకో మెలిక. మీరు మీటరును విరామాలతో కలిపి నడిపి సగటు తీస్తే, సమయం కూడా విరామాలతో కలిపే రాయాలి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు మాత్రమే రికార్డు చేస్తే సమయం కూడా ట్రిగ్గర్‌దే రాయాలి. ఒకటి అలా, ఒకటి ఇలా కలిపేస్తే అంకె అర్థం లేనిదవుతుంది. రిపోర్టులో ఏ పద్ధతి వాడారో తప్పకుండా రాయండి.

మీటరు, సెన్సరు

హ్యూమన్ వైబ్రేషన్ మీటరు అని అడగండి, ఐఎస్ఓ 8041 ప్రమాణానికి సరిపోయి ఉండాలి. సెన్సరు మూడు దిశలూ ఒకేసారి కొలిచేదైతే పని సులువు. దెబ్బ కొట్టే పనిముట్ల మీద వాడాలంటే పెద్ద షాక్ తట్టుకునే సెన్సరు కావాలి. సెన్సరు, దాన్ని బిగించే క్లాంపు కలిపి తేలికగా ఉండాలి. పిడి బరువులో 5 శాతం మించితే మీరు కొలిచేది మీ సెన్సరు మార్చేసిన పిడిని.

ఫోనులో ఉండే యాప్ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. చేతి పనిముట్లకు సరిపోదు. ఇక్కడ 1,250 హెర్ట్జ్ బ్యాండు వరకు కొలవాలి, అంటే సెకనుకు కొన్ని వేల రీడింగులు తీయాలి. ఫోను సెన్సరు అంత వేగం అందుకోదు, బ్రేకర్ దెబ్బకు దాని పరిమితి దాటిపోతుంది. పైగా ఫోను బరువు కట్టిన పిడి మామూలుగా అదరదు. మణికట్టుకు కట్టుకునే పరికరాలతో కూడా ప్రమాణం ప్రకారం ఎ(8) రాదు. పిడికీ అరచేతికీ మధ్య వచ్చే వైబ్రేషన్‌నే ప్రమాణం అడుగుతుంది, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి హెచ్చు ఫ్రీక్వెన్సీలు కండరాల్లోనే ఇంకిపోతాయి.

కొలిచే ముందు, కొలిచాక కూడా కాలిబ్రేటర్‌తో, అంటే తెలిసిన అదురు ఇచ్చే చిన్న పరికరంతో మీటరును సరిచూడండి. సాధారణంగా చేతిలో పట్టే కాలిబ్రేటర్ 159.2 హెర్ట్జ్ దగ్గర 10 మీటర్/సెకను² ఇస్తుంది. ముందు 10 చూపించిన మీటరు తర్వాత 9 చూపిస్తే మధ్యలో తీసినవన్నీ పక్కన పెట్టాల్సిందే.

సెన్సరు బిగించడం

చెయ్యి పట్టే చోటు మధ్యలో బిగించాలి. పిడి చివర ఒక అంకె, మధ్యలో ఇంకో అంకె వస్తుంది, కొన్ని పనిముట్ల మీద తేడా బాగా ఎక్కువ. కానీ మధ్యలో బిగిస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలి? అందుకే సెన్సరును మధ్యకు వీలైనంత దగ్గరగా, పట్టుకు అడ్డం రాకుండా బిగించాలి. పట్టు మారితే వైబ్రేషన్ కూడా మారుతుంది.

గట్టి లోహపు పిడి అయితే స్టీలు హోస్ క్లాంపు తీసుకుని, దాని మీద చిన్న మెటల్ దిమ్మె, దిమ్మె మీద సెన్సరు బిగించడం మంచిది. ప్లాస్టిక్ జిప్ టై తేలిక పనులకు పనికొస్తుంది, బాగా లాగి బిగించాలి. ఏది వాడినా, బిగించాక సెన్సరును వేలితో పక్కకు తోసి చూడండి. వెంట్రుకవాసి కదిలినా మళ్లీ బిగించండి. వదులుగా ఉన్న సెన్సరు పిడితో పాటు అదరదు, తనంతట తాను టకటకమంటుంది, అంకె ఇష్టమొచ్చినట్టు పెరుగుతుంది.

పిడి మీద మెత్తటి రబ్బరు తొడుగు ఉంటే చిక్కే. క్లాంపు దాన్ని అణచేసేంత గట్టిగా పట్టాలి, లేదంటే వేళ్ల మధ్యలో పట్టుకునే అడాప్టర్ వాడాలి. అడాప్టర్ అంటే అరచేతికీ పిడికీ మధ్య ఇమిడే చిన్న లోహపు ముక్క, సెన్సరు దాని మీద ఉంటుంది. పనివాడు దాన్ని పిడికి గట్టిగా ఒత్తి పట్టినంతసేపే కొలత పనికొస్తుంది, పట్టు సడలగానే పోతుంది. అందుకని పక్కనే నిలబడి చూడాలి.

కేబుల్ సంగతి చాలామంది పట్టించుకోరు. సెన్సరు నుంచి బయటికి వచ్చాక మొదటి కొద్ది అంగుళాలు పిడికే టేపుతో అంటించేయండి. కేబుల్ కొట్టుకుంటే దాని లోపలే తప్పుడు సంకేతం పుడుతుంది. మిగతా కేబుల్‌ను ముంజేతి మీదుగా భుజం వైపు తీసుకెళ్లండి. తిరిగే డిస్కు దగ్గరికి, చెయిన్ దగ్గరికి కేబుల్ వేలాడితే కొలత కోసం మనిషి చెయ్యి పోయే ప్రమాదం ఉంది. ఆ ఏర్పాటు మీకు నచ్చేదాకా మెషిన్ ఆన్ చేయనివ్వకండి.

కొలత తీయడం

పనివాడికి ముందే చెప్పండి, ఇది మీ పనితనం చూడటం కాదు, మెషిన్ వైబ్రేషన్ కొలవడం, రోజూ చేసినట్టే చేయండి అని. ఎవరో చూస్తున్నారంటే పట్టు బిగుస్తుంది, నెమ్మదిగా చేస్తారు. మొదటి రెండు మూడు ముక్కలు రికార్డు చేయకుండా వదిలేయండి, అప్పటికి చేయి సర్దుకుంటుంది.

నిజమైన ముక్క మీద, నిజమైన డిస్కుతో, నిజమైన భంగిమలో చేయించండి. గాలిలో మెషిన్ ఊరికే తిప్పి తీసిన రీడింగు ఎందుకూ పనికిరాదు. ఒక్కో పనికి కనీసం మూడు శాంపిళ్లు తీసుకోండి, మూడూ కలిపి నిమిషం కంటే తక్కువ ఉండకూడదు. ఒక్క పొడవాటి రికార్డింగ్ కంటే చిన్నవి చాలా తీయడం మేలు, ఎందుకంటే అవి ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో కనిపిస్తుంది. 8 సెకన్లకంటే చిన్న రికార్డింగుల్ని నమ్మకండి, తప్పనిసరైతే చాలా ఎక్కువసార్లు తీయండి. వీలైతే ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో చేయించండి. ఒకే మెషిన్, ఒకే ముక్క, ఒక మనిషి మీద ఒత్తి చేస్తాడు, ఇంకొకరు మెషిన్ బరువు చాలనుకుని తేలిగ్గా పోనిస్తారు, అంకెలు వేరే వస్తాయి.

ప్రతి రికార్డింగు పక్కన రాసుకోవాల్సినవి: పనిముట్టు మోడల్, అది ఎంత పాతది, డిస్కు లేదా ఉలి రకం, అరుగుదల, ముక్క ఏ లోహం, భంగిమ, గాలి పీడనం లేదా స్పీడు, ఏ చెయ్యి, సెన్సరు ఎక్కడ. సెన్సరు బిగించిన తీరు ఫోటో తీసి పెట్టండి. ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఆ ఫోటో లేకపోతే రెండు అంకెలనూ పోల్చలేరు.

రీడింగు సరైనదేనా

మూడు శాంపిళ్లు ఒకదానికొకటి దగ్గరగా లేకపోతే ఆగి కారణం వెతకండి. మీటరు పరిమితి దాటిందని చెప్పే ఓవర్‌లోడ్ లైటు ఒక్కసారి వెలిగినా ఆ రికార్డింగ్ పారేయాలి.

దెబ్బ కొట్టే పనిముట్ల మీద ఒక మోసపు తప్పు ఉంది, డీసీ షిఫ్ట్ అంటారు. అతి పెద్ద షాక్ తగిలినప్పుడు పీజో సెన్సరు (ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే రకం) ఒక్క క్షణం అదుపు తప్పి, లేని తక్కువ ఫ్రీక్వెన్సీ అదురును చూపిస్తుంది. మన వడపోతలో తక్కువ ఫ్రీక్వెన్సీలకే ఎక్కువ బరువు కాబట్టి అంకె విపరీతంగా పెరిగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత అదురు ఉందో చూపే పటం చూడాలి. మీ హ్యామర్ సెకనుకు 25 దెబ్బలు కొడుతుంటే అసలు కదలిక 25 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్ల దగ్గర ఉండాలి. 8 హెర్ట్జ్ బ్యాండులో పెద్ద గుట్ట కనిపిస్తే అది పనిముట్టుది కాదని అనుమానించండి. సెన్సరు కింద మెకానికల్ ఫిల్టర్ (షాక్‌ను మెత్తబరిచే చిన్న దిమ్మె) పెట్టడం, షాక్ పరిమితి ఎక్కువున్న సెన్సరు వాడటం దీనికి మందు. కాగితం మీద లెక్కతో దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయకండి, మళ్లీ కొలవడమే దారి.

లెక్క కట్టడం

మూడు దిశల అంకెలను వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీయాలి. గ్రైండర్ మీద 3, 4, 3.3 వచ్చాయనుకోండి. 9, 16, 10.9 కలిపితే 35.9, దాని వర్గమూలం సుమారు 6. రెండు చేతుల్లో ఏది ఎక్కువుంటే దాన్నే తీసుకోవాలి.

ఆ 6 ని రోజుకు సర్దడానికి, గంటల్లో సమయాన్ని 8తో భాగించి వర్గమూలం తీసి, దాంతో గుణించాలి. గంటన్నర గ్రైండింగ్ చేస్తే 1.5ను 8తో భాగించిన దాని వర్గమూలం 0.433, దాన్ని 6తో గుణిస్తే 2.6. అదే మనిషి చిప్పింగ్ హ్యామర్ 14 తీవ్రతతో 20 నిమిషాలు పట్టాడు. దాని వాటా 2.9 వస్తుంది. ఈ రెండింటినీ కూడితే 5.5 వస్తుంది, అది తప్పు. మళ్లీ వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీస్తే 3.9. అదీ ఆ మనిషి ఎ(8).

ఇంతకంటే సులువుగా చేయాలంటే పాయింట్ల పద్ధతి ఉంది, పనివాళ్లకు చెప్పడానికీ ఇదే బాగుంటుంది. తీవ్రతను వర్గం చేసి, రెండుతో, గంటలతో గుణిస్తే పాయింట్లు వస్తాయి. రోజుకు 100 పాయింట్లు అంటే 2.5 గీత, 400 అంటే 5 గీత. పాయింట్లను నేరుగా కూడొచ్చు. పై మనిషికి గ్రైండర్ 108, చిప్పింగ్ 131, మొత్తం 239. ఇప్పుడు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. 20 నిమిషాల చిప్పింగ్, గంటన్నర గ్రైండింగ్ కంటే ఎక్కువ చేటు చేస్తోంది. గ్రైండింగ్‌ను సగానికి తగ్గిస్తే మొత్తం 185కు దిగుతుంది. చిప్పింగ్ హ్యామర్ తీసేసి 9 తీవ్రత ఉన్నది ఇస్తే, టైము అసలు తగ్గించకుండానే 162కు దిగుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. ఎక్కువసేపు చేసే పని మీదే అందరి కళ్లూ ఉంటాయి, కొద్దిసేపు గట్టిగా కొట్టే పని చాటున దాక్కుంటుంది.

ఫలితాన్ని రెండు అంకెలకు మించి రాయకండి. జాగ్రత్తగా చేసినా ఎ(8)లో 20 నుంచి 40 శాతం అనిశ్చితి మామూలే. 3.862 అని రాస్తే చదివేవాళ్లు లేని నిక్కచ్చితనాన్ని నమ్ముతారు. అసలు విలువ వచ్చిన అంకె కంటే ఎక్కువ కూడా ఉండొచ్చు కాబట్టి, 2.4 వచ్చిందని ఊపిరి పీల్చుకోకుండా 2.5 దాటినట్టే చూసుకోవడం న్యాయం. గ్లవుజులు వేసుకున్నారని అంకె తగ్గించి రాయకండి. తక్కువ ఫ్రీక్వెన్సీలను గ్లవుజులు పెద్దగా ఆపలేవు, మన లెక్కలో బరువున్నవి అవే. చేతులు వెచ్చగా ఉంచడానికి గ్లవుజులు మంచివే, చలిలో రక్తప్రసరణ తగ్గకుండా కాపాడతాయి.

సీటు మీద కొలత

వాహనం నడిపేవాళ్లకు పద్ధతి కొంచెం మారుతుంది. సెన్సరు రబ్బరు దిండు లాంటి పలచటి ప్యాడ్‌లో ఉంటుంది. దాన్ని సీటు మీద, కూర్చున్నప్పుడు పిర్రల ఎముకలు ఆనే చోటు కిందకు వచ్చేలా టేపుతో అంటించాలి. ప్యాడ్ మీద ముందుకు అని గుర్తున్న దిశ నిజంగా ముందుకే ఉండాలి. మామూలు రోడ్డు మీద కాకుండా వాళ్లు రోజూ తిరిగే గుంతల మీద, రోజూ మోసే బరువుతో, రోజూ పోయే వేగంతో నడిపించండి. ఒక్కో పనికి కనీసం 20 నిమిషాలు కావాలి. అంతసేపు ఒకేసారి కుదరకపోతే 3 నిమిషాలకు తగ్గని ముక్కలుగా తీసి కలపండి. డ్రైవరు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ప్యాడ్ మీద పడే కుదుపులను రికార్డులోంచి తీసేయాలి.

ఇక్కడ మూడు దిశలను కలపరు. ముందు-వెనక, పక్కల అంకెలను 1.4తో గుణించి, నిలువు దిశ అంకెను అలాగే ఉంచి, మూడింటిలో పెద్దదాన్ని తీసుకుంటారు. ఫోర్క్‌లిఫ్ట్ మీద 0.35, 0.30, నిలువుగా 0.62 వచ్చాయనుకోండి. గుణించాక 0.49, 0.42, 0.62. పెద్దది నిలువుది. రోజుకు 6 గంటలు నడిపితే ఎ(8) 0.54, చర్య తీసుకోవాల్సిన 0.5 గీత దాటింది.

గుంతల దారిలో సగటు అంకె మోసం చేస్తుంది. గంటకు ఒకసారి నడుము అదిరిపోయే కుదుపు వచ్చినా సగటులో అది కరిగిపోతుంది. అలాంటి చోట్ల మీటరులో వీడీవీ (వైబ్రేషన్ డోస్ వాల్యూ) అనే అంకె కూడా చూడండి. అది నాలుగో ఘాతం మీద నడుస్తుంది కాబట్టి పెద్ద కుదుపులకు ఎక్కువ బరువు ఇస్తుంది. యూరోపియన్ డైరెక్టివ్‌లో దాని గీతలు 9.1, 21. సమయం రెట్టింపైతే వీడీవీ 19 శాతమే పెరుగుతుంది. అంటే షిఫ్టు తగ్గించడం కంటే గుంత పూడ్చడం, వేగం తగ్గించడం, డ్రైవరు బరువుకు తగ్గట్టు సీటు సస్పెన్షన్ సర్దడం దీన్ని ఎక్కువ దించుతాయి.

అంకె వచ్చాక

ఫలితాన్ని ఫైల్లో పెట్టేముందు ఆ పనివాళ్లకు చెప్పండి. కొలిచింది వాళ్ల చేతుల కోసం. ఏ పని ఎన్ని పాయింట్లు తెస్తోందో చూపిస్తే, ఆ పనిని వేరేలా ఎలా చేయొచ్చో చాలాసార్లు వాళ్లే చెబుతారు. ముక్కను ఫిక్చర్‌లో బిగిస్తే చేత్తో పట్టుకోనక్కర్లేదనో, చిప్పింగ్ బదులు ముందే కత్తిరించి తెస్తే సరిపోతుందనో. పనిని అసలు తీసేయడం మొదటి ప్రయత్నం, తక్కువ అదిరే పనిముట్టు రెండోది. మనుషుల్ని మార్చి మార్చి పెట్టడం ఆ తర్వాతే, ఎందుకంటే అది వైబ్రేషన్‌ను తగ్గించదు, పంచుతుంది.

డిస్కు బ్యాలెన్స్, ఉలి మొన, బేరింగులు, వైబ్రేషన్ ఆపే రబ్బరు బుష్‌లు బాగున్నాయో లేదో వరసపెట్టి చూడండి. బ్యాలెన్స్ తప్పిన డిస్కు మారిస్తేనే కొన్నిసార్లు అంకె బాగా పడిపోతుంది.

ఎవరికైనా వేళ్లు తెల్లబడటం, తిమ్మిర్లు, పట్టు తప్పడం ఇప్పటికే మొదలైతే కొలత ఎంత వచ్చిందన్నదానితో సంబంధం లేకుండా డాక్టరు దగ్గరికి పంపండి, ఆ పనిముట్టు వాళ్ల చేతికి ఇవ్వకండి. హద్దు కింద ఉన్న అంకె ఆ మనిషికి హాని లేదని చెప్పదు.

కొత్త పనిముట్టు వచ్చినా, డిస్కు రకం మారినా, ముక్క లోహం మారినా, రోజు ఉత్పత్తి పెరిగినా పాత అంకె చెల్లదు. ఉత్పత్తి మాత్రమే పెరిగితే రీడింగు మళ్లీ తీయనక్కర్లేదు, టైము మాత్రం మళ్లీ లెక్కకట్టాలి. మిగతా వాటికి సెన్సరు మళ్లీ బిగించాల్సిందే, పాత ఫోటోలో ఉన్న చోటనే.